పన్నెండు నుంచి నాలుగు దాకా

ఆ ఎండాకాలం నాకు భయం పట్టపగలే పట్టుకునేది. సూర్యుడు నడినెత్తి మీద ఉండగా, గోడగడియారం పన్నెండు చూపిస్తే చాలు, చేతిలో పని వదిలేసి గాలి వాసన చూసేదాన్ని. ఎక్కడైనా ప్లాస్టిక్ కాలుతోందేమోనని.

పన్నెండుకీ నా భయానికీ సంబంధం తెలియాలంటే ఆ ఏడు వచ్చిన రాయితీల గురించి చెప్పాలి. కరెంటు బండి కొన్నవాళ్లకి ధరలో కొంత తిరిగిస్తామంది ప్రభుత్వం. ఇంట్లో ఛార్జింగ్ పెట్టె బిగించుకుంటే దాని ఖర్చులో సగం ఇస్తామంది. పైగా మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా, ఎండ కరెంటు పుష్కలంగా ఉండే వేళ, బండి ఛార్జి చేసుకుంటే సగం రేటే. వీటన్నిటికీ షరతు ఒకటే. ఎండాకాలం చివర్లో ముగిసే గడువులోగా పెట్టె బిగించి, లైసెన్సు ఉన్న వైర్‌మన్ సంతకంతో కాగితం పంపాలి. ఆ కాగితం అందకపోతే బండి మీద రావలసిందీ రాదు.

మా ఇంట్లో లైసెన్సు నాది, పనితనం అన్నయ్యది. పదిహేనో ఏట స్క్రూడ్రైవర్ పట్టినవాడు. గోడ మీద వేలితో కొట్టి లోపల వైరు ఎటు పోయిందో చెప్పేస్తాడు. రాతపరీక్ష అంటే మాత్రం చెమటలు పట్టేవి. మూడుసార్లు వెళ్లి, మూడుసార్లూ హాల్లోంచి మధ్యలోనే లేచి వచ్చేశాడు. నేను రెండేళ్ల కోర్సు చదివి మొదటిసారే పాసయ్యాను. ఆ రోజు వీధిలో కనిపించిన వాళ్లందరికీ "ఇక నుంచి మా చెల్లెలే నా ఓనరు" అని చెప్పి నవ్వాడు. ఆ నవ్వులో చిన్న ముల్లుందని నాకూ తెలుసు, వదినకీ తెలుసు. ఎవరం ఆ మాట ఎత్తలేదు.

మొదటి నెల ఊపిరి సలపలేదు. రోజుకో ఇల్లు, ఒక్కోసారి రెండు. ఫోన్లు వదిన చూసేది. "పెద్దాసుపత్రి డాక్టరైనా దొరుకుతాడు కానీ మీ ఆయన దొరకట్లేదమ్మా అంటున్నారు జనం" అని మురిసిపోతూ చెప్పేది. ఇరవై ఒక్క ఇళ్లు పూర్తయ్యాయి. ఒక్కదానికీ వంక పెట్టడానికి లేదు.

గడువు ఇంకో మూడు వారాలుందనగా బజారులో రాగి వైరు అయిపోయింది. ఎప్పుడూ కొనే షాపాయన చేతులెత్తేసి, "ఇంకో నెల ఆగాలి" అన్నాడు. ఒప్పుకున్న ఇళ్లు పదకొండు మిగిలిపోయాయి. అన్నయ్య రెండు రోజులు కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. మూడో రోజు సాయంత్రం బండికి వైరు చుట్టలు కట్టుకుని వచ్చాడు.

"ఎక్కడ దొరికింది?" అన్నాను.

"వెతికితే దొరకనిదేముంటుంది?"

పైన అదే కంపెనీ పేరు, అదే సైజు అచ్చు, అదే ఎర్రటి తొడుగు. ఒక చుట్ట ఎత్తాను. బరువుంటుందని సిద్ధమైన చెయ్యి ఒక్కసారిగా పైకి లేచిపోయింది. చీకట్లో ఇంకో మెట్టుందనుకుని అడుగు వేసినట్టయింది.

"ఇంత తేలిగ్గా ఉందేంటి అన్నయ్యా?"

"రోజూ మోసి మోసి నీకు కండలొచ్చాయిలే బుజ్జీ."

వదిన నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వుతోనే పని మొదలైంది.

డ్రిల్లు మాస్టారి ఇంటికి వెళ్లింది ఆ తర్వాతి వారంలో. ఆయన బడిలో పని మానేసి పదేళ్లయినా ఇప్పటికీ అందరికీ డ్రిల్లు మాస్టారే. రెండు గదుల ఇల్లు. మీటరు ముందు గుమ్మం పక్కన, కారు పెట్టేది ఇంటి వెనక. వైరు ముందుగది గోడలోంచే పోవాలి. ఆ గోడకి ఆనించి మంచం, మంచం మీద ఆయన భార్య. రెండేళ్ల కిందట మెట్ల మీంచి జారిపడి నడుము విరిగింది. కాళ్లలో చలనం లేదు.

"బస్సెక్కించలేను. ఆటో కుదుపులకి తట్టుకోలేదు," అన్నారు మాస్టారు. "ఆ రాయితీ లేకపోతే నా మొహానికి కారేంటమ్మా? ఈవిడ ఇల్లు దాటి రెండేళ్లయింది. ఇక రోజూ సాయంత్రం షికారే."

"షికారు సంగతి తర్వాత. ముందు నా దుప్పటి మీద సున్నం రాలకుండా చూడమనండి," అంది ఆవిడ. నన్ను చూసి, "సంతకం పెట్టే ఇంజనీరమ్మవి నువ్వేనా? మా ఇంట్లో ఇన్నాళ్లూ సంతకాలన్నీ ఆయనవే, తిట్లన్నీ నావి. నీ పనే బాగుందే అమ్మాయ్," అని నవ్వింది.

మామూలుగా అయితే అన్నయ్య ఇలాంటి మాటకి రెండు మాటలు కలిపేవాడు. ఆ రోజు తలెత్తలేదు. ఆవిడ తలగడకి జానెడు పైన, గోడలో వైర్లు కలిపే జాయింట్ పెట్టె. అందులో వైరు వంచుతుంటే పుటుక్కుమని విరిగింది. మళ్లీ కత్తిరించి, మళ్లీ వంచాడు.

"ఏమైంది?"

"కట్టర్ మొద్దుబారింది," అన్నాడు నా వైపు చూడకుండా.

నేను కాగితం మీద సంతకం పెట్టాను.

నాలుగు రోజుల తర్వాత, పదకొండో ఇల్లూ ముగించి, ఇంట్లో పనిసంచి సర్దుతున్నాను. అడుగున జానెడు వైరు ముక్క కనిపించింది. ఊరికే వేళ్ల మధ్య వంచాను, తిప్పి వంచాను. మూడోసారికి విరిగింది. రాగి అలా విరగదు. బ్లేడు తీసుకుని గీశాను. ఎరుపు పొడిలా రాలింది. లోపల తెలుపు.

అల్యూమినియం, పైన రాగి పూత. గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్న అన్నయ్య ముందుకెళ్లి ముక్క చూపించాను. ఆయన దాని వైపు చూడలేదు. నా మొహంలోకి చూశాడు. అప్పుడే అర్థమైంది నాకు.

"నీకు తెలుసా?"

గ్లాసు కింద పెట్టాడు.

"ఎప్పటి నుంచి?"

"మాస్టారింటికి వెళ్లే ముందురోజు నుంచి."

అబద్ధమాడి ఉంటే తిట్టేదాన్నేమో. నిజం చెప్పేసరికి వెళ్లి గుమ్మంలో తన పక్కనే కూర్చున్నాను.

ఛార్జింగ్ పెట్టె లాగే కరెంటు మామూలుది కాదు. ఇంట్లో మిగతావన్నీ కలిపినా అంత లాగవు. ఆ వైరు దాన్ని మోయలేదు. స్విచ్ దానంతటది పడిపోదా అంటే పడదు. ఎంత కరెంటు పోతోందో చూడటమే దానికి తెలుసు. గోడలో ఉన్నది దొంగ వైరని దానికెవరు చెబుతారు? జాయింట్లు వేడెక్కుతాయి. వేడికి వదులవుతాయి. వదులైన కొద్దీ ఇంకా వేడెక్కుతాయి. ఒకరోజు అంటుకుంటుంది. అది రేపో, మూడేళ్ల తర్వాతో ఎవరూ చెప్పలేరు.

"అందరికీ చెప్పేద్దాం," అన్నాను.

"చెప్పి?" అన్నాడు అన్నయ్య గొంతు తగ్గించి. "ముప్ఫై రెండు ఇళ్ల కాగితాలూ నీ లైసెన్సు నంబరు మీదే ఉన్నాయి. ఒక్కదానికి మచ్చ పడితే కట్ట మొత్తం ఆపేస్తారు. బంగారంలాంటి పని చేసిన ఇళ్లకీ రాదు. నీ లైసెన్సు పోతుంది. కేసు కూడా నీ మీదే పెడతారు బుజ్జీ, నా మీద కాదు. గడువు దాటనీ. రాగి వస్తుంది. చెక్ చేయాలని చెప్పి గుట్టుగా ఒక్కొక్కటే మార్చేద్దాం."

నేను ఒప్పుకున్నాను. ఈ కథలో నేను దాచిపెట్టాలనుకున్న వాక్యం అదొక్కటే, కాబట్టి అదే ముందు రాస్తున్నాను. ఒప్పుకున్నాను. మాస్టారి భార్య తలగడ కళ్లముందు కనిపిస్తూనే ఉంది, అయినా ఒప్పుకున్నాను.

మర్నాటి నుంచి పన్నెండంటే భయం మొదలైంది. సగం రేటు ఆ నాలుగు గంటలే కాబట్టి పదకొండు ఇళ్లలోనూ పన్నెండు కొట్టగానే బండికి వైరు తగిలిస్తారు. పదకొండు గోడలు ఒకేసారి వేడెక్కడం మొదలవుతుంది. అన్నయ్య ఉపాయం ఆలోచించాడు. సర్వీసు పేరుతో ఇల్లిల్లూ తిరిగి, పెట్టెల్లో ఛార్జింగ్ వేగం సగానికి తగ్గించేశాడు. ఒక రాత్రి కాస్త నిద్రపట్టింది. తెల్లారేసరికి ఫోన్లు. "నాలుగింటికి సగం కూడా నిండలేదు. సగం రేటు అన్నది ఇందుకేనా? పెట్టె పాడైందా?" కొందరు మమ్మల్ని పిలవకుండానే, పెట్టెతో వచ్చిన పుస్తకం చూసి, వాళ్లే మళ్లీ పెంచేసుకున్నారు. ఎవరు పెంచుకున్నారో, ఎవరు పెంచుకోలేదో తెలిసేది కాదు.

నేను మధ్యాహ్నాలు ఏదో ఒక వంక పెట్టుకుని వీధుల్లో తిరిగేదాన్ని. దూరంగా ఫైరింజను గంట వినిపిస్తే అది ఏ వైపు పోతోందో తేలేదాకా రోడ్డు పక్కనే నిలబడిపోయేదాన్ని. ఒకసారి ఎవరో చెత్త కాలుస్తున్న పొగ చూసి రెండు వీధులు పరిగెత్తాను. అన్నయ్యది ఇంకో రకం. నోట్లో ముద్ద పెట్టుకుని నమలడం మర్చిపోయేవాడు.

"అన్నాచెల్లెళ్లిద్దరూ పన్నెండయ్యేసరికి దయ్యం పట్టినట్టు చూస్తున్నారేంటి?" అంది వదిన.

"ఎండ," అన్నాడు అన్నయ్య.

"ఎండ ఇంకెవరికీ లేదా?"

నాలుగో రోజు పన్నెండున్నరకి ఆ పదకొండు ఇళ్లలో ఒకటైన దర్జీ అక్క ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. వదిన తీసింది. ఫోను చేత్తో మూసి, "గోడలోంచి ఏదో మాడు వాసన వస్తోందట," అంది. ఆ మాట పూర్తయ్యేలోగా మేం బండి మీద ఉన్నాం.

దర్జీ అక్క ఇంటి కింద గదిలో కుట్టు మిషన్లు, గుడ్డల మూటలు. జాయింట్ పెట్టె మూత తీస్తే వైరు బిగించిన చోట ప్లాస్టిక్ కరిగి తేనెలా జారి గడ్డకట్టింది.

"ఏమైంది తమ్ముడూ?" అంది దర్జీ అక్క.

"స్క్రూ వదులైందక్కా. ఇప్పుడు బిగించేస్తా." ఆ గొంతు నాకు తెలిసిన గొంతు కాదు.

"చల్లటి మాట చెప్పావు. గుండె ఆగినంత పనైంది," అని మా ఇద్దరికీ మంచినీళ్లిచ్చింది. కాలిన ముక్క కోసేసి, కొత్త ముక్క బిగించి, వేగం అట్టడుగుకి తగ్గించి బయటకొచ్చాం. అన్నయ్య తాళంచెవి నా చేతిలో పెట్టి వెనక ఎక్కాడు.

ఆ సాయంత్రం వదిన నన్ను వంటింట్లోకి పిలిచి ఒకటే అడిగింది. "ఎన్ని ఇళ్లు?"

"పదకొండు."

ఎలా కనిపెట్టావని నేను అడగలేదు. ఎందుకు చేశారని ఆవిడ అడగలేదు. ఆ పదకొండు ఇళ్ల ఫోన్ నంబర్లూ ఒక కాగితం మీద పెద్దపెద్ద అంకెల్లో రాసి ఫోను పక్కన పెట్టుకుంది.

ఇంకో రెండు రోజులకి మాస్టారు కబురు పంపారు. నాలుగింటికి కారు నిండడం లేదట, సాయంత్రం షికారు సగంలోంచి వెనక్కి రావాల్సి వస్తోందట. అన్నయ్య వెళ్లనన్నాడు. "నువ్వు వెళ్లు," అన్నాడు గోడవైపు తిరిగి. నేను వెళ్లేసరికి పన్నెండూ ఐదు.

మాస్టారు వెనక కారు దగ్గరున్నారు. "వచ్చావా? ఇక అక్కర్లేదులే," అని అక్కడి నుంచే కేకేశారు. "పక్కింటి కుర్రాణ్ణి అడిగి నిన్ననే పెంచేశాను. ఇప్పుడు జోరుగా ఎక్కుతోంది!"

ముందుగదిలోకి నడిచాను. ఆవిడ మంచం మీద గోడకి చేరగిలబడి పుస్తకం చదువుకుంటోంది. పైన ఫ్యాను తిరుగుతోంది.

"రావే ఇంజనీరమ్మా. కూర్చో. నీకో మాట చెప్పాలి," అంది. "మధ్యాహ్నమైతే ఈ గోడ భలే వెచ్చగా ఉంటోంది. నడుముకి కాపడం పెట్టినట్టే అనుకో. నొప్పి కాస్త తగ్గుతోంది కూడా. అందుకే మంచం ఇంకాస్త దగ్గరికి జరిపించుకున్నాను. మీ అన్న కావాలనే పెట్టాడా ఏంటి?"

తలగడ పైన జాయింట్ పెట్టె మూత చూశాను. మేం బిగించినప్పుడు తెల్లగా ఉండేది. ఇప్పుడు టీ రంగుకి తిరిగింది.

మళ్లీ గుమ్మం దగ్గరికి నడిచాను. మెయిన్ స్విచ్ దించేశాను. ఫ్యాను నెమ్మదించి ఆగింది.

"కరెంటు పోయిందా?" అంది ఆవిడ.

"లేదు పిన్నిగారూ. నేనే తీసేశాను."

మాస్టారు వెనక నుంచి వచ్చేశారు. "ఎవరు ఆపింది? నాలుగింటి దాకా సగం రేటు కదా?"

స్విచ్ మీద చెయ్యి తీయకుండానే చెప్పాను. తీస్తే మళ్లీ ఎవరైనా వేసేస్తారేమోనని భయం. "ఈ గోడలో ఉన్నది రాగి కాదు మాస్టారూ. దొంగ వైరు. అంటుకుంటుంది. నాకు తెలిసి ఆరు రోజులైంది."

ఆయన నన్ను చూశారు. మూత రంగు చూశారు. భార్యని చూశారు. చెంప పగలగొడతారనుకున్నాను, కళ్లు మూసుకున్నాను కూడా. నేల మీద ఇనుప కాళ్లు గీసుకున్న చప్పుడైంది. కళ్లు తెరిస్తే ఆయన మంచాన్ని ఒక్కడే లాగుతూ గది మధ్యకి తెచ్చేస్తున్నారు. ఆవిడ మంచం పట్టెలు గట్టిగా పట్టుకుని ఉంది.

"ఇంకా ఎన్ని ఇళ్లు?" అన్నారు ఆయాసపడుతూ.

"మీది కాక పది."

"అందరూ ఇప్పుడే పెట్టి ఉంటారా?"

"ఇప్పుడే మాస్టారూ."

"మరి నిలబడ్డావేం? కారెక్కు."

కారులోంచి అన్నయ్యకి ఫోన్ చేశాను. "అన్నయ్యా, చెప్పేశాను."

అటు నుంచి బండి తాళాల గలగల వినిపించింది. ఆ తర్వాత, "నువ్వు ఎటు వైపు నుంచి వస్తున్నావ్?" అన్నాడు.

"మార్కెట్ వైపు నుంచి."

"అయితే నేను స్టేషన్ వైపు నుంచి మొదలెడతా. మీ వదిన ఫోన్లు చేస్తుందిలే." వెనకాల వదిన గొంతు అప్పటికే ఎవరికో చెబుతోంది. "వైరు పీకండి, తర్వాత మాట్లాడదాం, ముందు పీకండి."

ఆ గంట నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. అందరూ ఫోను నమ్మలేదు. ఒకావిడ గేటు దగ్గరే అడ్డం నిలబడింది. "మా అబ్బాయి బండి సగమే నిండింది. నాలుగు దాటాక రండి. పూర్తి రేటు మీరు కడతారా?" అంది. నేను బతిమాలుతుంటే మాస్టారు కారు దిగకుండానే తల బయటపెట్టి, ముప్ఫై ఏళ్లు మైదానాల్లో వాడిన గొంతుతో, "స్విచ్... ఆఫ్!" అని అరిచారు. ఆవిడ లోపలికి పరిగెత్తి ఆపేసింది. ఎదురింట్లో కూడా ఎవరో ఏదో ఆపేశారు. ఇంకోసారైతే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేదాన్ని. ఆ రోజు మళ్లీ కారెక్కి తర్వాతి ఇంటికి దారి చెప్పాను.

దర్జీ అక్క మాత్రం అన్నీ విని, "స్క్రూ అన్నాడు కదమ్మా మీ అన్న," అంది. అంతే.

ఒంటిగంటకి వదిన ఫోన్. "తొమ్మిది ఇళ్లు అయిపోయాయి. పాలబండాయన ఒక్కడే ఎత్తట్లేదు. ఎనిమిదిసార్లు చేశాను."

పాలబండాయన తెల్లవారుజామునే పాలు వేసేసి వచ్చి, తలుపు గడియపెట్టుకుని మధ్యాహ్నమంతా నిద్రపోతాడు. మీటరు ఉన్నదీ, బండి నిలిపేదీ ఆయన పడగ్గది కిటికీ కిందే. ఆ సంగతి నాకు గుర్తొచ్చిన క్షణంలోనే మాస్టారికీ నా మొహం చూసి అర్థమైనట్టుంది. దారి కూడా అడక్కుండా కారు తిప్పారు.

వీధి మొదట్లోనే వాసన తగిలింది. ఆరు రోజులుగా నేను వెతుకుతున్న వాసన. గేటు మీంచి అన్నయ్య అప్పుడే అవతలికి దూకుతున్నాడు. మీటరు పెట్టె లోంచి సన్నగా నల్లటి పొగ. దాని మీదుగా కిటికీ తెర అంచు ముడుచుకుపోతోంది.

"చెయ్యి పెట్టకన్నయ్యా! కరిగిపోతోంది!" అని అరిచాను.

విన్నాడో లేదో తెలీదు. చొక్కా విప్పి అరచేతికి చుట్టుకుని, మెయిన్ స్విచ్ పట్టుకుని కిందికి గుంజాడు. అది కదల్లేదు. రెండోసారి ఒళ్లంతా వేలాడేసి గుంజాడు. టప్పుమని పడింది. అన్నయ్య నోట్లోంచి వచ్చిన చప్పుడు నేను మళ్లీ వినాలనుకోను.

మాస్టారు కారులోని నీళ్ల క్యాను తెచ్చారు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. కరెంటు పెట్టె మీద నీళ్లు వద్దని పక్కనున్న ఇసుక దోసిళ్లతో పోశాను. అన్నయ్య తలుపు బాదుతున్నాడు. ఎంతసేపో. చివరికి గడియ తీసిన చప్పుడైంది.

పాలబండాయన నిద్రమొహంతో, జుట్టు రేగిపోయి నిలబడ్డాడు. "ఏంటయ్యా, మనిషి పగలు కాసేపు పడుకున్నా మీ కళ్లు కుడతాయా?" అన్నాడు. తర్వాత గదిలో నిండిన పొగ వైపు వెనక్కి తిరిగి చూసి, గుమ్మం పట్టుకుని, అలాగే జారి కూర్చుండిపోయాడు.

తర్వాత ఏం జరిగిందో ముందే చెప్పేస్తాను. నా లైసెన్సు రెండేళ్లు ఆపేశారు. మంచి వైరు వేసిన ఇరవై ఒక్క ఇళ్ల కాగితాలు ఒక్కొక్కటీ తనిఖీ చేసి వదిలేశారు. అన్నయ్య భయపడినట్టు కట్ట మొత్తం ఆపలేదు. ఆ పదకొండు ఇళ్లకి ఇంకో వైర్‌మన్ని పెట్టారు. ఆయన సంతకం కింద మేం కూలీలుగా పనిచేసి, బండి అమ్మి పొరుగూళ్లలో రెట్టింపు ధరకి కొన్న రాగితో, పగలూ రాత్రీ గోడలు మళ్లీ కొట్టాం. గడువులోగా పదే పూర్తయ్యాయి. పదకొండోది మాస్టారిది. "నాది చివరికి. ముందు పిల్లలున్న ఇళ్లు చూడండి," అని ఆయనే పట్టుబట్టారు. ఆయనకి రాయితీ రాలేదు. పెట్టె మీదా రాలేదు, కారు మీదా రాలేదు. దాని గురించి ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆవిడ మాత్రం కనిపించినప్పుడల్లా అంటుంది. అనడమే నాకు కాస్త నయంగా ఉంటుంది.

ఆ మధ్యాహ్నం మాత్రం ఇవేవీ మాకు తెలియవు. అన్నయ్య చేతికి ఆసుపత్రిలో కట్టు కట్టించి, అక్కడి నుంచే కరెంటు ఆఫీసుకి వెళ్లాం. బయట బల్ల మీద కూర్చుని నేను కాగితం రాశాను. ఏ షాపులో కొన్నాం, ఏయే ఇళ్లు, ఎప్పుడు తెలిసింది. జైలంటే ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి ప్రయత్నించాను. ఊహ అందలేదు. తలుపు ఉంటుందని మాత్రం తోచింది. అన్నయ్యని బయటే కూర్చోమన్నాను. తన పేరు ఎక్కడా రాయలేదు.

లోపల ఆఫీసరు గారు కాగితం రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఈ వైరు బిగించింది ఎవరమ్మా?"

"నేనేనండీ."

"పదకొండు ఇళ్లూ?"

నేను తలూపబోయాను. వెనక తలుపు కిర్రుమంది.

"కాదండీ. నేను," అన్నాడు అన్నయ్య. కట్టు కట్టిన చెయ్యి ఛాతీకి ఆనించుకుని, గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మొహం పాలిపోయి ఉంది. పరీక్ష హాల్లోంచి లేచి వచ్చినప్పుడల్లా ఉండే మొహమే అది.

"మీకు లైసెన్సుందా?"

"లేదండీ."

"మరి మీరు ఈ పని చేసినట్టు ఏ కాగితంలోనూ ఉండదు. మా రికార్డులో మీరు లేనట్టే," అన్నారు ఆఫీసరు గారు. కఠినంగా అనలేదు. వదిలేయడానికి దారి చూపించినట్టే అన్నారు. "ఆ అమ్మాయి ఒప్పుకుంది. మీరు వెళ్లొచ్చు."

అన్నయ్య తలుపు వైపు చూశాడు. అది తెరిచే ఉంది. వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లిపోవాలనే కోరుకున్నాను.

ముందుకొచ్చి బల్ల దగ్గర నిలబడి, తన పేరు చెప్పాడు. ఆఫీసరు గారు కలం ఎత్తలేదు. అన్నయ్య గొంతు సవరించుకుని మళ్లీ చెప్పాడు. ఈసారి ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం విడదీసి, ఆయన రాసుకునేదాకా ఆగుతూ.